కాగితం వెనకవైపు

గిద్దలూరు,
4 జూలై 2023

ఒరేయ్ ఫణీ,

అత్త దీవెనలు. నువ్వు పంపిన కట్ట గురువారం అందింది. దానికి చుట్టిన కాగితం ఎవరిదో పెళ్ళి శుభలేఖ. ముహూర్తం పొద్దున పదికో రాత్రి పదికో తేలకుండా అచ్చేశావు. నీ ప్రింటింగు షాపును నమ్ముకున్న ఆ చుట్టాలు ఏ పూట భోజనానికి వెళ్ళాలో పాపం!

మొన్న మీ నాయన ఫోన్ చేసి, "అక్కా, నువ్వూ వాడూ కలిసి చేసే పనేంది? నాకింతవరకూ అర్థం కాలే" అన్నాడు. నా తమ్ముడు కోటేశ్వర్లుకు పలకల వ్యాపారం తప్ప లోకంలో మరొకటి పట్టదు కదా. విడమరచి చెప్పాను. జనం ఇంటర్నెట్‌లో సొంతంగా బ్లాగులు రాసుకుంటారు. నీ కొడుకు మార్కాపురంలో వాటిని రంగుల్లో అచ్చేసి నాకు పోస్టులో పంపుతాడు. తెర వెలుగు నా కళ్ళకు పడదు కాబట్టి నేను కాగితం మీదే చదివి, రాతకు పది, రూపానికి పది, మొత్తం ఇరవైకి మార్కులు వేస్తాను. వాడు నా సమీక్షను టైపు కొట్టి 'ఇరవైకి ఎన్ని' అనే సైటులో పెడతాడు. అంతా విని, "రిటైరైనా పేపర్లు దిద్దేది మానలేదన్నమాట" అన్నాడు. వాడన్నదాంట్లో తప్పేమీ లేదు.

ఈ నెల మార్కులు.

పొదిలి కరుణాకరం గారి బ్లాగు. మనిషికి చెప్పడం వచ్చు. మిర్చి ధర పడిపోయిన రోజున యార్డులో రైతులు ఎవరి బస్తా మీద వాళ్ళు ఎలా కూర్చున్నారో చూపించాడు. కానీ పేరాకో రంగు. ఎర్ర పేరా ముగిసి పచ్చ పేరా వచ్చేసరికి ఆ రైతులు నా మనసులోంచి లేచి వెళ్ళిపోయారు. రాతకు 7, రూపానికి 2.

దర్శి సింధూజ వంటల బ్లాగు. చింతచిగురు పప్పు అని పైన పెట్టి, నాలుగు పుటల పొడుగునా తన చిన్నతనం చెప్పింది. పప్పు పొయ్యి ఎక్కేసరికి నాకు ఆకలి చచ్చింది. తెర మీద పూలరేకులు రాలుతూ ఉంటాయని పక్కన నువ్వు రాశావు. పప్పులో పడవూ? రాతకు 5, రూపానికి 3.

పెద్దదోర్నాల సుబ్బయ్యది శ్రీశైలం దారిలో టీ హోటలు. చెక్‌పోస్టు దగ్గర బస్సు ఆగినప్పుడు యాత్రికులు ఏమడిగారో రోజుకు నాలుగు వాక్యాలు రాస్తాడు. తెల్లని పుట, నల్లని అక్షరం, చుట్టూ కావలసినంత ఖాళీ. రాతకు 9, రూపానికి 9. మిగతా రెండూ ఎందుకు వేయలేదంటే, ఇరవైకి ఇరవై వేస్తే ఎంత మంచివాడైనా చెడిపోతాడు.

ఇక కాగితం తిప్పు.

ముప్పై ఒక్క ఏళ్ళు పరీక్ష హాళ్ళలో కాపలా కాసినదాన్ని. పిల్లలు ఖాళీగా వదిలిన పుట కనబడితే మూల నుంచి మూలకు అడ్డగీత కొట్టేవాళ్ళం, తర్వాత ఎవరూ అందులో ఏమీ రాయకుండా. సమీక్ష ఒక వైపుకే సరిపోతుంది. రెండో వైపు అడ్డగీత కొట్టి పంపితే మేనల్లుడికి రాసినట్టుండదు. అందుకే ఈ కబుర్లు. ముందువైపు ఊరందరికీ, వెనకవైపు నీ ఒక్కడికీ. గుర్తుంచుకో.

ఎడమ మోకాలు మెట్లెక్కనివ్వడం లేదు. షుగరు చూసిన డాక్టరు తీపి ముట్టొద్దన్నాడు. ఆయన ఆసుపత్రి ఎదురుగానే బెల్లం జిలేబీ వేస్తారు. రెండు తిన్నాను. మీ నాయనకు తెలిస్తే రోజూ ఫోన్ చేసి చంపుతాడు, చెప్పకు.

నీ అత్త

మార్కాపురం,
15 జూలై 2023

అత్తకు,

నమస్కారాలు, మోకాలికి కూడా. శుభలేఖ సంగతి నాయన చెవిన వేయకు. ఆషాఢంలో పెళ్ళిళ్ళు లేవు కాబట్టి మళ్ళీ అచ్చేసే వ్యవధి దొరికి బతికిపోయాను. శ్రావణం వచ్చిందంటే షాపులో అన్నం తినడానికి కూడా తీరిక ఉండదు.

టైపు కొట్టి ఉత్తరం పంపితే చదవనన్నావని చేత్తో రాస్తున్నాను. నా కోడిగీతలకు మార్కులు వేయకు.

సుబ్బయ్య నీ సమీక్ష చూసి షాపుకు ఫోన్ చేశాడు. "ఆ మేడం మా హోటలుకు వస్తే టీ నేనే పోస్తా" అన్నాడు. కరుణాకరం గారు రంగులన్నీ తీసేశారు. సింధూజ మాత్రం అలిగింది.

ఒక మాట అడగాలి. కిందటిసారి నీ సమీక్ష ఒకటి టైపు కొట్టకుండా స్కాన్ చేసి, నీ చేతిరాతతోనే పెట్టాను. జనం దాన్నే చూస్తున్నారు. "ఇంత ముచ్చటైన తెలుగు రాత చూసి ఎన్నాళ్ళయిందో" అని కామెంట్లు. ఇకనుంచి అన్నీ అలాగే పెట్టనా? సైటు రూపం కూడా మార్చాను. వెనక రంగు పలక నలుపు, చుట్టూ చెక్క ఫ్రేము, మధ్యలో నీ కాగితం. మన ఊరి పలకలాగే ఉంటుంది.

జిలేబీ సంగతి నాతోనే ఉంటుంది.

నీ ఫణికృష్ణ

గిద్దలూరు,
2 ఆగస్టు 2023

చెక్క ఫ్రేముల మేనల్లుడికి,

దీవెనలు. నా చేతిరాత పెట్టుకో. బతుకు మునిమాపు వేళ ఇంత పొగడ్త దొరికితే ఎందుకు కాదంటాను? ఈ నెల సమీక్షలు మూడూ విడిగా రాశాను, చూడు. ఇది మూడో దాని వెనకవైపు.

ఈసారి చెప్పేది నీ చెవి దాటకూడదు.

మా బడిలో గంట కొట్టిన దానమ్మ నీకు గుర్తుందా? చిన్నప్పుడు నువ్వు సెలవులకు వస్తే నీ చేత గంట కొట్టించేది. ఇరవై ఏడేళ్ళు ఆయాగా చేసి, నా తర్వాత ఏడాదికి రిటైరైంది. మా వెనక వీధిలోనే ఇల్లు. వాళ్ళ చర్చిలో స్త్రీల కూటానికి తనే పెద్ద. ఆదివారం ఆరాధన అయ్యాక ఆడవాళ్ళను కూర్చోబెట్టి వాక్యం చదివి వినిపిస్తుంది. ఆమె చదివితే వినాలని పక్క ఊళ్ళ నుంచి కూడా వస్తారు. ఒక్క చోట తడబడదు.

మొన్న మధ్యాహ్నం వచ్చి, తలుపు దగ్గరికి వేసి కూర్చుంది. గొంతు తగ్గించి అంది:

"టీచరమ్మా, నాకు చదవను రాదు."

నేను నవ్వాను. ఆమె నవ్వలేదు.

"నిజ్జంగా రాదు. శనివారం నా మనవరాలు ఫెబీ నాలుగైదు తూర్లు చదివి చెప్తాది. నేను మనసులో పెట్టుకుంటా. ఆదివారం పుస్తకం తెరిచి పట్టుకొని అప్పజెప్తా. పుస్తకం తలకిందలుగా పట్టుకుంటానేమోనని అట్ట పైమూల మడిచి పెట్టుకున్నా. ఇన్నేండ్లూ అట్లే గడిచింది. ఇప్పుడు ఫెబీ నర్సింగుకని ఒంగోలు పోయింది. నేనేం జేయాల? నువ్వు నాకు నేర్పియ్యి. ఎవురికీ చెప్పగాకు. మా శ్యాంసన్‌కు గూడ తెలీదు, కన్నకొడుకు."

ఒట్టు వేయించుకుంది. వేశాను. అయినా నీకు రాస్తున్నాను. ఎందుకంటే ఇన్నేళ్ళు పక్కనే ఉండి, రోజూ ఆమె చేతికి నోటీసు పుస్తకం ఇచ్చి తరగతులకు పంపి, ఆమెకు చదవడం రాదని కనిపెట్టలేకపోయిన టీచరును. ఆ సిగ్గు ఎవరికో ఒకరికి చెప్పుకోకపోతే నాకు నిద్ర పట్టదు. నీకు చెబితే గోడకు చెప్పినట్టే కదా.

మీ నాయన పంపిన పలకల్లో ఒకటి తీశాను. రేపటి నుంచి అఆలు.

నీ అత్త

మార్కాపురం,
14 ఆగస్టు 2023

అత్తా,

బాగున్నావా? శ్రావణం పెళ్ళిళ్ళ పనులు మీద పడుతున్నాయి. నాయన కూడా వచ్చి కవర్లకు పసుపు పెడుతున్నాడు.

సైటు మనం అనుకున్నదానికన్నా బాగా నడుస్తోంది. ఇదివరకు రోజుకు నలభై మంది చూసేవాళ్ళు. ఇప్పుడు నెలలో వేలల్లో వస్తున్నారు. అంతా నీ చేతి చలవే.

దానమ్మ ఎంతవరకు వచ్చింది? గుణింతాలు మొదలుపెట్టావా? ఆమె ఏమంటుందో, ఎలా దిద్దుతుందో అన్నీ రాయి. పెద్దగా రాయి, తొందరపడకు. వెనకవైపు చాలకపోతే ఇంకో కాగితం తీసుకో. నీలాగా మనిషిని ఎదురుగా నిలబెట్టినట్టు రాసేవాళ్ళు మన సమీక్షకు వచ్చే బ్లాగుల్లో ఒక్కరు కూడా లేరు.

నీ ఫణి

గిద్దలూరు,
10 సెప్టెంబరు 2023

ఫణీ,

దీవెనలు. దానమ్మ గురించి అడిగావు చూడు, అక్కడ నువ్వు నా మేనల్లుడివనిపించావు. మీ నాయనైతే పలక ఏ సైజుదని అడిగేవాడు.

దానమ్మ రోజూ రెండింటికి వస్తుంది. పలక కొంగులో దాచుకొని వస్తుంది, ఎవరైనా చూస్తే అప్పడాలు ఆరబెట్టడానికని చెబుతుంది. గుణింతాలు అయ్యాయి. ఒత్తులతో అవస్థ. 'స్త్రీ' అని రాసి చూపిస్తే, "ఇంత కష్టంగా ఉండాల్నా టీచరమ్మా, రాసేదానికి గూడ?" అంది. ఇద్దరం కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వాం.

ఒక ఇబ్బంది ఉంది. నేను పలక మీద రాసింది గడగడా చదువుతుంది. అచ్చులో అదే మాట చూపిస్తే అక్షరాలు గుర్తుపట్టదు. నా రాతలో 'మ' కొమ్ము ఎలా తిరుగుతుందో ఆమెకు అలాగే ఉండాలి. ఇప్పటికి దానమ్మ చదవగలిగింది లోకంలో నా చేతిరాత ఒక్కటే. క్రిస్మస్ నాటికి ఆమె చేత అచ్చు కూడా చదివించాలి. ఆరోజు చర్చిలో తనంతట తాను చదవాలని ఆమె ఆశ. నా ఆశ కూడా.

ఇప్పుడు నా కోపం విను. బస్టాండులో ఎవరో ముక్కూమొహం తెలియని ఆయన నన్ను ఆపి, "మోకాలు ఎట్లుంది మేడం? షుగరు పెట్టుకొని జిలేబీలు తినొచ్చునా?" అని నవ్వాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఈ సంగతి నీకు తప్ప ఎవరికీ తెలియదు. నీ దగ్గర ఎలాగో మీ నాయన కూపీ లాగి ఉంటాడు, వాడి నోట్లో మాట ఆగదు. నిన్న ఫోన్ చేసి కడిగేశాను. అక్క పరువు పలకల లారీల వెంట ఊరూరా పంపుతున్నావా అన్నాను. వాడు కిక్కురుమనలేదు. తప్పు చేసినవాడు కాబట్టి మాట్లాడలేదు.

నీ అత్త

మార్కాపురం,
22 సెప్టెంబరు 2023

అత్తా,

నాయన కొంచెం బాధపడ్డాడు. రెండు రోజులు షాపు వైపు రాలేదు. నువ్వు ఇంకేమీ అనకు, వదిలెయ్. చిన్న విషయం.

ఒక మంచి వార్త. తెలుగు బ్లాగులు రాసేవాళ్ళంతా కలిసి ఏటా ఒంగోలులో ఒక సభ పెడతారు. ఈసారి రాతకూ రూపానికీ కలిపి మన సైటునే ఎంచారు. నవంబరులో శాలువా కప్పుతారట. నువ్వు రావాలి. మోకాలి నొప్పి అంటావని కారు మాట్లాడతాను.

దానమ్మ కబుర్లు ఆపకు.

ఫణి

గిద్దలూరు,
29 అక్టోబరు 2023

ఫణికృష్ణకు,

నాకు ఒంట్లో బాగానే ఉంది. అదొక్కటే చెప్పగలను.

దసరా సెలవులకు ఫెబీ ఒంగోలు నుంచి వచ్చింది. వాళ్ళ కాలేజీ అమ్మాయిల వాట్సాప్‌లో తిరుగుతున్నదేదో ఫోన్లో తెచ్చింది. నల్లటి పలక బొమ్మ, చెక్క ఫ్రేము, మధ్యలో నా చేతిరాత. పైన పెద్ద అక్షరాలతో 'వెనకవైపు' అని శీర్షిక. కింద నేను ఆగస్టులో నీకు రాసిన ఉత్తరం, పేర్లు తప్ప మొదటి మాట నుంచి చివరి మాట దాకా.

అంతకు ముందు ఆదివారమే కూటంలో ఒకామె దానమ్మ చేతిలోంచి పుస్తకం తీసుకుందట. అట్ట పైమూల మడత వేలితో తడిమి చూసిందట. పుస్తకం మరొకామెకిచ్చి, "ఈ వారం నువ్వు చదువు" అందట. దానమ్మకు అప్పుడు అర్థం కాలేదు. ఫెబీ ఫోన్ తెచ్చాక అయింది.

సోమవారం రెండింటికి మా ఇంటికి వచ్చింది. లోపలికి రమ్మన్నా రాలేదు. గడప బయటే నిలబడి మాట్లాడింది. ఆ మాటలు నువ్వు కూడా విను.

"ఫెబీ చదివి చెప్తానన్నాది. నేనొద్దన్నా. పొద్దున్నించి కూడబలుక్కుంటా నేనే చదివినా, అన్నం గూడ తినలే. మీ రాతే గదా మేడం, నాకొచ్చిన రాత అదొక్కటే. నా బతుకులో నా అంతట నేను చదివింది ఇదే మొదలు."

ముప్పై ఏళ్ళలో దానమ్మ నన్ను 'మీరు' అనడం అదే మొదటిసారి. మేడం అనడం కూడా. పలక కడిగి, తుడిచి తెచ్చింది. గడప మీద పెట్టి వెళ్ళిపోయింది.

నీ మీద నమ్మకంతో ఒక్క మాట అడుగుతున్నాను. అది నీ సైటులోకి ఎలా వెళ్ళింది?

అత్త

మార్కాపురం,
4 నవంబరు 2023

అత్తా,

నీ ఉత్తరం అందింది. దానమ్మకు ఇలా అవుతుందని కలలో కూడా అనుకోలేదు.

మా షాపు స్కానరు కాగితాన్ని లోపలికి లాగి రెండు వైపులా తీస్తుంది. ముందువైపుతో పాటు వెనకవైపు కూడా వెళ్ళిపోయింది. పొరపాటు అత్తా. చూసుకునేసరికి జనం చదివేశారు.

అయినా దానమ్మ పేరు వచ్చిన ప్రతిచోటా నల్లరంగు పూశాను. శ్యాంసన్ పేరు, ఫెబీ పేరు కూడా కనబడనివ్వలేదు. ఆమెకు మచ్చ రావాలని కాదు. ఆ పుట ఎనిమిది వేల మంది చదివారు. చదువు రాని తల్లులున్న పిల్లలు ఏడుస్తూ కామెంట్లు పెట్టారు. ఒకతను నెల్లూరు నుంచి, "మా అమ్మకు పలక కొన్నాను" అని రాశాడు. ఇది చెడ్డ పనా?

నిజం చెబుతున్నాను, కోప్పడకు. నీ సమీక్షలు బాగుంటాయి. కానీ వెనకవైపు నువ్వు రాసేదే అసలు రాత. అది నా బీరువాలో పడి ఉండటం నాకు అన్యాయమనిపించింది.

నీ ఫణి

గిద్దలూరు,
10 నవంబరు 2023

ఫణికృష్ణకు,

స్కానరు రెండు వైపులా లాగింది, సరే. శీర్షిక కూడా అదే పెట్టిందా? నల్లరంగు కూడా అదే పూసిందా? పదో తరగతి పిల్లలు ఇంతకన్నా నమ్మేలా అబద్ధం చెప్పేవాళ్ళు.

పేరు పూసేశావు, చేతిరాత వదిలేశావు. గిద్దలూరులో సగం ఇళ్ళలో ఆ చేతిరాత ప్రోగ్రెస్ కార్డుల మీద ఉంది. అది నాదని తెలిస్తే చాలు, నాతో పనిచేసి రిటైరైన ఆయా ఎవరో ఎవరైనా చెబుతారు. నీ సైటుకు అందం తెచ్చింది ఏదో, దానమ్మను పట్టిచ్చింది కూడా అదే.

ఆగస్టులో "పెద్దగా రాయి, వెనకవైపు చాలకపోతే ఇంకో కాగితం తీసుకో" అన్నావు. నా మీద ప్రేమ అనుకొని మురిసిపోయాను రా. నాలుగు కాగితాలు నింపాను. నువ్వు ఉత్తరాలు అడగలేదు, సరుకు అడిగావు.

మీ నాయనకు ఫోన్ చేశాను. జిలేబీ సంగతి వాడు చెప్పలేదని ఇప్పుడు తెలుసు కదా. ఏమీ అనని వాణ్ణి నోటికొచ్చినట్టు అన్నాను, క్షమించమన్నాను. వాడేమన్నాడో తెలుసా? "నువ్వంత గట్టిగా అంటే, నేనే మర్చిపోయి ఎక్కడన్న అనింటానేమో అనుకున్నా అక్కా. రెండు దినాలు అదే ఆలోచన చేసినా." నీ తండ్రి చేయని తప్పు తన మీద వేసుకొని షాపుకు రాకుండా కూర్చుంటే, నువ్వు నాకు "చిన్న విషయం" అని రాశావు.

నా తప్పు నేను దాచుకోను. దానమ్మ నాతో ఒట్టు వేయించుకుంది. నేను ఒక్కడికి చెప్పాను, నువ్వు ఎనిమిది వేల మందికి చెప్పావు. దానమ్మకు ఆ తేడాతో పనిలేదు. ఆమెకు మాట ఇచ్చింది నేను, తప్పింది నేను. మూడుసార్లు వాళ్ళింటికి వెళ్ళాను. శ్యాంసన్ బయటికొచ్చి, "అమ్మ పండుకోనుంది మేడం" అన్నాడు మూడుసార్లూ.

'వెనకవైపు' అని పెట్టినవన్నీ తీసెయ్. తీసేముందు ప్రతి పుటా తెరమీద ఎలా ఉందో అలాగే రంగుల్లో అచ్చేసి పంపు. ఒంగోలు శాలువా నాకొద్దు.

అత్త

మార్కాపురం,
19 నవంబరు 2023

అత్తా,

అన్నీ తీసేశాను. సభకు రాలేమని చెప్పేశాను. అచ్చులు ఈ ఉత్తరంతో పంపుతున్నాను, పద్నాలుగు పుటలు. వాట్సాప్‌లో తిరిగేది ఆపడం నా చేతిలో లేదు.

ఇక అబద్ధం చెప్పను. జూలైలో మొదటిసారి నిజంగానే పొరపాటు. జిలేబీ ఉన్న పుట అది. పొద్దున్న లేచి చూస్తే ముందువైపుకు ఆరు కామెంట్లు, వెనకవైపుకు నూట పది. అక్కడే తీసేయాల్సింది. తీయలేదు. తర్వాతివన్నీ తెలిసే పెట్టాను. నిన్ను అడిగితే వద్దంటావని అడగలేదు. దానమ్మ ఉత్తరం పెట్టేముందు రెండు రోజులు ఆగాను. తర్వాత పెట్టాను.

నాయన నాతో మాట్లాడటం లేదు. అన్నం దగ్గర కూడా అమ్మతో చెప్పిస్తున్నాడు.

నేను గిద్దలూరు వచ్చి దానమ్మ కాళ్ళు పట్టుకోనా? నువ్వు రమ్మంటే రేపే బయల్దేరతాను. వద్దంటే ఉత్తరమైనా రాయి. సమీక్ష లేకపోయినా పర్వాలేదు. వెనకవైపు రెండు లైన్లు రాయి చాలు. తిట్టినా సరే.

నీ ఫణి

గిద్దలూరు,
4 డిసెంబరు 2023

ఫణికృష్ణకు,

నువ్వు రావద్దు. వచ్చి దానమ్మ వాకిట్లో నిలబడితే, ఆ పుట చూడనివాళ్ళకు కూడా సంగతి తెలిసిపోతుంది.

నిన్న ఆదివారం వాళ్ళ చర్చి పక్క నుంచి నడిచి వచ్చాను. కిటికీలోంచి ఆడవాళ్ళ కూటం కనబడుతోంది. పుస్తకం మళ్ళీ దానమ్మ చేతిలో ఉంది. తనే అడిగి తీసుకుందో, వాళ్ళే ఇచ్చారో నాకు తెలియదు. తడబడుతూ చదువుతోంది. ఒక మాట దగ్గర ఆగి, వెనక్కు వచ్చి, అక్షరం అక్షరం కలుపుకొని మళ్ళీ అంది. ఇన్నేళ్ళలో ఎప్పుడూ తడబడని మనిషి. అంటే నిజంగా చదువుతోందన్నమాట, అచ్చులో. మిగతా సగం ఎవరు నేర్పారో, ఫెబీనో ఇంకెవరో. నేను కాదు. తల ఎత్తినప్పుడు నన్ను చూసింది. చూసి, మళ్ళీ పుస్తకంలోకి చూసుకుంది. నేను ఇంటికి వచ్చేశాను. పలక ఇంకా గడప పక్కనే ఉంది, తీయడానికి చెయ్యి రావడం లేదు.

నీ పద్నాలుగు పుటలూ చదివాను. మన ఏర్పాటు ప్రకారం మార్కులు వేస్తున్నాను. ఇదే చివరి సమీక్ష, ఎక్కడా పెట్టకు.

రూపం. నల్లటి పలక, చెక్క అంచు, చుట్టూ సరిపడా ఖాళీ, అక్షరం మీద ఏ అలంకారం లేదు. సుబ్బయ్య బ్లాగు కన్నా బాగుంది. చూడగానే ఎవరికైనా చదవాలనిపిస్తుంది. చదవడం రాని మనిషికి కూడా అనిపించింది, ఒక పూట అన్నం మాని చదివింది. రూపానికి పదికి పది. ఈ మార్కు నేను ఇంతవరకు ఎవరికీ వేయలేదు.

రాత. అది నాది. అడక్కుండా పక్కవాళ్ళ కాగితంలోంచి తీసుకున్నదాన్ని మా బడిలో కాపీ అనేవాళ్ళం. కాపీకి సున్నా.

వెనకవైపు రెండు లైన్లు రాయమన్నావు. ఈ కాగితం తిప్పి చూడు. మూల నుంచి మూలకు అడ్డగీత కొట్టాను.

వి. ఉమామహేశ్వరి,
తెలుగు టీచరు (రిటైర్డ్)